ఫాగ్ లైట్లకు రెట్టింపు వెలుగు: మస్టాంగ్ బల్బు మారిస్తే మంచులో ఎంత దూరం కనిపిస్తుంది?

క్లుప్తంగా: స్పోర్ట్స్ కారు ఫాగ్ లైట్లలో కంపెనీ ఇచ్చిన బల్బు తీసి ఎక్కువ ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) పెడితే కారు ముక్కు ముందున్న రోడ్డు బాగా తెల్లగా కనిపిస్తుంది. పొగమంచులో చూపు ఆనే దూరం మాత్రం కొద్ది మీటర్లకు మించి పెరగదు. బల్బు రెట్టింపు వెలిగితే ఎదురుగా ఉన్న వస్తువుతో పాటు మధ్యలో ఉన్న మంచు కూడా రెట్టింపు వెలుగుతుంది. వేడి, వైరింగ్ మీద భారం, ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడే వెలుగు కూడా పెరుగుతాయి. దీపం గురి సరిచేసుకోవడం, మసకబారిన అద్దం శుభ్రం చేయడం, వైర్లలో పోతున్న వోల్టేజీని రాబట్టుకోవడం ఇంతకంటే చవకైన పనులు. ఫలితం కూడా వాటితోనే ఎక్కువ.

గ్రిల్‌లో రెండు గుండ్రటి దీపాలు

2005 మోడల్‌గా ఫోర్డ్ కొత్త మస్టాంగ్ స్పోర్ట్స్ కారును తెచ్చినప్పుడు దాని రూపాన్ని 1960ల నాటి మోడళ్ల నుంచి తీసుకుంది. జీటీ రకానికి గ్రిల్‌లోనే రెండు పెద్ద గుండ్రటి ఫాగ్ లైట్లు పెట్టింది. 1965 ఏప్రిల్‌లో వచ్చిన జీటీ ప్యాకేజీలో కూడా ఫాగ్ లైట్లు గ్రిల్‌లోనే ఉండేవి. ఆ పోలిక కోసమే ఈ అమరిక. అంటే ఈ దీపాలను అక్కడ పెట్టడంలో మంచు కంటే ముఖారవిందమే ముందు ఆలోచనలోకి వచ్చింది. బల్బు మార్చాలన్న కోరికలో సగం కూడా అక్కడి నుంచే పుడుతుంది. హెడ్‌లైట్లకు తెల్లటి బల్బులు వేయించాక పక్కనే ఉన్న ఫాగ్ లైట్లు పసుపుపచ్చగా, నీరసంగా కనిపిస్తాయి. అమెరికాలో ఉద్యోగానికి వెళ్లిన తెలుగు కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో మోజుపడే కార్లలో మస్టాంగ్ ఒకటి. 2016 నుంచి కొన్నేళ్లపాటు ఫోర్డ్ దాని తర్వాతి తరాన్ని భారత్‌లోనూ అమ్మింది. అందుకే "ఫాగ్ లైట్లకు ఏ బల్బు వేయొచ్చు" అన్న ప్రశ్న ఇటు ఆటోనగర్‌లోనూ, అటు డాలస్‌లోనూ వినిపిస్తుంది.

2005-09 మస్టాంగ్ జీటీ ఫాగ్ లైట్‌లో వాడేది 9145 రకం హాలోజన్ బల్బు. దీనికే హెచ్10 అని ఇంకో పేరు. 45 వాట్లు తీసుకుని దాదాపు 850 ల్యూమెన్లు ఇస్తుంది. దీని స్థానంలో చాలామంది పెట్టేది హై బీమ్ కోసం తయారైన 9005 బల్బు. అది 65 వాట్లు తీసుకుని 1,700 ల్యూమెన్లు, అంటే సరిగ్గా రెట్టింపు ఇస్తుంది. రెండింటి అడుగు భాగం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ప్లాస్టిక్ పళ్లు మాత్రం వేరు. చిన్న కత్తితో ఆ పళ్లను కాస్త చెక్కితే 9005 బల్బు 9145 హోల్డర్‌లో కూర్చుంటుంది. పావుగంట పని. ఇంత తేలిక కాబట్టే ఈ మార్పుకు అంత ప్రచారం వచ్చింది. ఒకదాని చోట ఇంకోటి పట్టకూడదనే ఆ పళ్లను వేరుగా పెట్టారన్న సంగతి చెక్కేటప్పుడు గుర్తుకు రాదు.

హెచ్8, హెచ్11, హెచ్9 కుటుంబంలోనూ ఇదే కథ. చాలా జపనీస్, కొరియన్, యూరప్ కార్ల ఫాగ్ లైట్లలో ఈ రకాలే ఉంటాయి. హెచ్8 అంటే 35 వాట్లు, 800 ల్యూమెన్లు. హెచ్11 అంటే 55 వాట్లు, 1,350 ల్యూమెన్లు. హెచ్9 అంటే 65 వాట్లు, 2,100 ల్యూమెన్లు. ఇక్కడా పళ్లదే తేడా. అయితే హెచ్9 విషయంలో ఇంకో తిరకాసు ఉంది. హెచ్8, హెచ్11 బల్బుల కొన మీద నల్లటి పూత ఉంటుంది. ఫిలమెంట్ (బల్బులో వెలిగే సన్నటి తీగ) నుంచి నేరుగా ముందుకు వచ్చే వెలుగును ఆ పూత ఆపుతుంది. రోడ్డు మీదకు వెళ్లేదంతా దీపం లోపలి మెరిసే గిన్నె, అంటే రిఫ్లెక్టర్‌కు తగిలి, ఒక దారిలో పడ్డ వెలుగే. హెచ్9 కొన ఖాళీ గాజు. ముందు వేరే మూత లేని ఫాగ్ లైట్‌లో హెచ్9 పెడితే ఫిలమెంట్ వెలుగు అడ్డూ ఆపూ లేకుండా పైకి, పక్కలకు, ఎదురుగా వచ్చేవారి కళ్లలోకి చిమ్ముతుంది. పెట్టె మీద రాసిన 2,100 అంకె అబద్ధం కాదు. ఆ ల్యూమెన్లలో కొంత భాగం రోడ్డు మీదకు కాకుండా మంచులోకి పోతుందంతే.

మంచులో వెలుగు లెక్క

వాతావరణ శాఖ భాషలో దృశ్యత 1,000 మీటర్ల కంటే తగ్గితే పొగమంచు. భారత వాతావరణ విభాగం 200 మీటర్ల లోపు దృశ్యతను దట్టమైన మంచుగా, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనదిగా లెక్కిస్తుంది. సాంకేతికంగా దృశ్యతకు ఒక నిర్వచనం ఉంది: ఒక సన్నటి వెలుగు పుంజం గాలిలో ఎంత దూరం పోయేసరికి అందులో 5 శాతమే మిగులుతుందో ఆ దూరం. మిగతా 95 శాతాన్ని నీటి బిందువులు దారి తప్పించి అన్ని వైపులా వెదజల్లుతాయి.

దృశ్యత 100 మీటర్లు ఉన్న రాత్రి 50 మీటర్ల దూరంలో ఒక లారీ ఆగి ఉందనుకుందాం. కారు దీపం వెలుగు అక్కడిదాకా 50 మీటర్లు వెళ్లాలి, లారీ వెనక పలకకు తగిలి డ్రైవర్ కంటిదాకా మళ్లీ 50 మీటర్లు రావాలి. మొత్తం 100 మీటర్ల ప్రయాణం, మిగిలేది 5 శాతం. లారీ 75 మీటర్ల దూరంలో ఉంటే ప్రయాణం 150 మీటర్లు, మిగిలేది ఒక శాతం చిల్లర. మంచులో వెలుగు తగ్గడం మెట్లు దిగినట్టు కాదు, జారుడుబల్ల మీద జారినట్టు ఉంటుంది.

ఇప్పుడు బల్బును రెట్టింపు చేద్దాం. దూరం పెరిగేకొద్దీ వెలుగు పరుచుకుపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఇంతకుముందు 50 మీటర్ల దగ్గర ఎంత వెలుతురుతో లారీ కనిపించిందో, అంతే వెలుతురుతో ఇప్పుడు 57 మీటర్ల దగ్గర కనిపిస్తుంది. రెట్టింపు వెలుగుకు దక్కింది 7 మీటర్లు. దృశ్యత 50 మీటర్లే ఉన్న రాత్రి 25 మీటర్ల దగ్గర కనిపించేది 28 మీటర్లు దాటాక కనిపిస్తుంది. అంటే లాభం మూడున్నర మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం దాటడానికి సెకనులో మూడో వంతు సమయం చాలు.

నిజానికి ఆ మాత్రం కూడా పూర్తిగా దక్కదు. లారీ కనిపించాలంటే దాని వెలుతురు ఒక్కటే లెక్కలోకి రాదు. లారీకి, దాని ముందున్న తెల్లటి మంచు పరదాకు మధ్య తేడా కంటికి తెలియాలి. దీపం వెలుగు పడి ఆ పరదా కూడా వెలుగుతుంది. బల్బు రెట్టింపైతే లారీ రెట్టింపు వెలుగుతుంది, పరదా కూడా రెట్టింపు వెలుగుతుంది, రెండింటి నిష్పత్తి అక్కడే ఉంటుంది. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టు అయిపోవడానికి కారణం ఇదే. లంబసింగి ఘాట్‌లో డిసెంబరు తెల్లవారుజామున హై బీమ్ వేసి చూసిన డ్రైవర్లెవరికీ ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి మంచులో గెలవాలంటే వెలుగు పెంచడం కంటే, డ్రైవర్ చూపు వెళ్లే దారిలో ఉన్న మంచు మీద వెలుగు పడకుండా చూడడం ముఖ్యం. ఫాగ్ లైట్ రూపకల్పన మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నిలబడింది.

కింద, వెడల్పుగా, పైన గీత గీసినట్టు

మంచి ఫాగ్ లైట్ వెలుగును గోడ మీద పడేలా పెట్టి చూస్తే పైన అడ్డంగా ఒక పదునైన గీత కనిపిస్తుంది. గీతకు పైన చీకటి, కింద వెలుగు. ఆ గీతనే కట్-ఆఫ్ అంటారు. దీపాన్ని వీలైనంత కింద పెట్టి, వెలుగును పక్కలకు బాగా వెడల్పు చేసి, పైకి పోకుండా ఆపితే డ్రైవర్ కంటి ఎదుట ఉన్న మంచు చీకటిగానే ఉంటుంది. దాని కిందుగా రోడ్డు అంచు, తెల్లగీత, డివైడర్ కనిపిస్తాయి. కంటికీ దీపానికీ మధ్య ఎత్తులో ఎంత తేడా ఉంటే అంత మేలు. గ్రిల్ మధ్యలో దీపం పెట్టిన మస్టాంగ్ ఈ విషయంలో బంపర్ కింద దీపం ఉన్న మామూలు కారు కంటే వెనకబడే ఉంది. అందానికి కట్టిన ధర అది.

కాలిఫోర్నియా వాహన చట్టం ఫాగ్ లైట్ 12 నుంచి 30 అంగుళాల ఎత్తులో, అంటే సుమారు 30 నుంచి 76 సెంటీమీటర్ల మధ్య ఉండాలంటుంది. 25 అడుగుల దూరంలో, కారు మధ్య గీతకు ఎడమ వైపున్న గట్టి వెలుగు దీపం ఎత్తు కంటే 4 అంగుళాలు కిందకు దిగి ఉండాలని కూడా చెబుతుంది. ఏడున్నర మీటర్లకు పది సెంటీమీటర్ల వాలు అన్నమాట. ఈ వాలుతో 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న దీపం కట్-ఆఫ్ దాదాపు 27 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 46 మీటర్ల దగ్గర. ఆ గీతకు అవతల పడే వెలుగు చాలా తక్కువ. బల్బు 850 ల్యూమెన్లయినా 1,700 అయినా గీత ఉన్నచోటే ఉంటుంది. అది గీసేది రిఫ్లెక్టర్, బల్బు కాదు.

ఈ దూరాలను బ్రేకు దూరాలతో పోల్చి చూస్తే ఫాగ్ లైట్ ఎందుకు పనికొస్తుందో తెలుస్తుంది. ప్రమాదం గమనించి బ్రేకు తొక్కడానికి సెకనున్నర పడుతుందనుకుంటే, తడి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి దాదాపు 29 మీటర్లు కావాలి. 80 కిలోమీటర్ల వేగంలో అది 82 మీటర్లు. ఫాగ్ లైట్ వెలుగు పడే దూరం మొదటి అంకెకు దాదాపు సరిపోతుంది, రెండో అంకెకు ఎన్నటికీ అందదు. నెమ్మదిగా పోతూ దారి అంచు పట్టుకోవడానికి చేసిన దీపం అది. వేగంగా పోవడానికి అసలు చేసింది కాదు.

కాలిఫోర్నియా మధ్య లోయలో చలికాలం నేలను అంటిపెట్టుకుని లేచే మంచును అక్కడ టూలీ ఫాగ్ అంటారు. 2007 నవంబరులో ఫ్రెస్నో దగ్గర హైవే 99 మీద అలాంటి మంచులో వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. వేగానికి, కనిపించే దూరానికి పొంతన తప్పినప్పుడు జరిగేది ఇదే. మంచులో వేగాన్ని కనిపించే దూరమే నిర్ణయిస్తుంది. ఆ దూరాన్ని ఏడు మీటర్లు పెంచే బల్బు వేగాన్ని పెంచుకోవడానికి ఏ రకంగానూ లైసెన్సు కాదు.

ముందర వెలుగు, దూరంలో చీకటి

బల్బు మార్చినవారిలో చాలామంది "తేడా బాగా తెలుస్తోంది" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. బానెట్ ముందు పది, పదిహేను మీటర్ల రోడ్డు పట్టపగల్లా కనిపిస్తుంది. మంచు లేని రాత్రి అది ధైర్యాన్ని కూడా ఇస్తుంది. చిక్కు ఎక్కడంటే, కన్ను తన ముందున్న సగటు వెలుతురుకు తగ్గట్టు సర్దుకుంటుంది. దగ్గర రోడ్డు బాగా వెలిగేకొద్దీ కనుపాప కుంచించుకుంటుంది, రెటీనా సున్నితత్వం తగ్గుతుంది, 60-70 మీటర్ల అవతల మసకగా ఉన్న పాదచారి ఇంకా మసకబారతాడు. దగ్గర వెలుగు ఎక్కువ, దూరపు వెలుగు అంతే ఉన్నప్పుడు డ్రైవర్‌కు బాగా కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది, నిజానికి కనిపించేది తగ్గుతుంది. అనిపించడానికి, నిజానికి మధ్య ఇంత దూరం ఉన్న విషయాలు కారులో చాలా తక్కువ.

రాత్రిపూట మామూలు వాతావరణంలో ఫాగ్ లైట్లు వేసి తిరగొద్దని కొన్ని దేశాలు చెప్పడం వెనక ఇదొక కారణం. దృశ్యత బాగా తగ్గినప్పుడు, అంటే మామూలుగా 100 మీటర్ల కంటే తక్కువ ఉన్నప్పుడే వాడాలని, తగ్గినది మెరుగుపడగానే ఆపేయాలని బ్రిటన్ హైవే కోడ్ చెబుతుంది. జర్మనీ నిబంధనలు ముందు ఫాగ్ లైట్లను మంచు, హిమపాతం, వాన వల్ల చూపు బాగా తగ్గినప్పుడే వాడనిస్తాయి. మన దగ్గర ఫాగ్ లైట్ అంటే అలంకారం, రాత్రి బండి తీయగానే వేసేది. తడి రోడ్డు మీద దీని ప్రభావం ఇంకా ఎక్కువ. కింద నుంచి పడే వెలుగు నీళ్లు నిలిచిన తారు మీద అద్దంలోలా పడి నేరుగా ఎదుటివారి కళ్లకు లేస్తుంది. కట్-ఆఫ్ ఎంత బాగున్నా దీన్ని ఆపలేదు. బల్బు రెట్టింపైతే ఇదీ రెట్టింపే.

పసుపు రంగు సంగతి

పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం పాతది. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణమైన సూత్రాన్ని మంచుకు అన్వయించడం వల్ల పుట్టింది. గాలిలోని అణువులు వెలుగు తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి, అందుకే నీలాన్ని ఎక్కువ వెదజల్లుతాయి. మంచు బిందువులు అలా కాదు. సాధారణంగా అవి కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటాయి, వెలుగు తరంగదైర్ఘ్యమేమో అర మైక్రాన్ చుట్టుపక్కల. అంత పెద్ద బిందువులు అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా వెదజల్లుతాయి. మంచు తెల్లగా కనిపించడమే దానికి సాక్ష్యం.

అయినా పసుపుకు ఒక లాభం ఉంది, అది గాలిలో కాదు, కంటిలో. నీలం, ఊదా వెలుగు కంటిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆ భాగాన్ని తీసేసిన వెలుగు కింద ఎక్కువసేపు బండి నడిపినా అలసట తక్కువ అనేవారు చాలామంది ఉన్నారు. ఫ్రాన్స్ 1930ల చివరి నుంచి 1993 దాకా హెడ్‌లైట్లు పసుపుగానే ఉండాలని పట్టుబట్టింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హాలోజన్ బల్బుకు పసుపు పూత వేస్తే ల్యూమెన్లు కొంత తగ్గుతాయి, పెరగవు. "పసుపు, ఇంకా రెట్టింపు వెలుగు" అని ఒకే పెట్టె మీద కనిపిస్తే ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో వాట్ల అంకె చూడాలి. దానికి వ్యతిరేక దిశలో, రంగు కొలత 6,000 కెల్విన్లు దాటిన నీలపు తెలుపు బల్బు చూపుకు స్టయిల్‌గా ఉంటుంది కానీ మంచులో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే ఎంపిక అదే.

ఎల్ఈడీ పెడితే ఫిలమెంట్ ఎక్కడికి పోయింది?

హాలోజన్ బల్బులో వెలుగు పుట్టేది కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి తీగచుట్టలో. అది సిలిండర్ ఆకారంలో చుట్టూ సమంగా వెలుగుతుంది. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపు ఆ తీగచుట్ట ఫలానా చోటే ఉంటుందన్న లెక్కతో తయారైంది. తీగ ఒక మిల్లీమీటర్ ముందుకో వెనక్కో జరిగితే కట్-ఆఫ్ గీత మసకబారుతుంది, లేదా పైకి లేస్తుంది.

అదే హోల్డర్‌లో పట్టే ఎల్ఈడీ బల్బులో చిప్‌లు ఒక పలకకు రెండు వైపులా అతికించి ఉంటాయి. వెలుగు రెండు పక్కలకు బలంగా, మిగతా దిక్కులకు బలహీనంగా పోతుంది. పలక మందం వల్ల రెండు వైపుల చిప్‌ల మధ్య ఎడం ఉంటుంది. పలక ఎంత పలచగా ఉండి, చిప్‌లు పాత ఫిలమెంట్ ఉన్నచోటే కూర్చుంటే ఆ ఎల్ఈడీ అంత మంచిది. చవక రకాల్లో ఈ లెక్క ఎవరూ చూడరు. బల్బును హోల్డర్‌లో కొద్దిగా తిప్పి చిప్‌లు సరిగ్గా ఎడమ, కుడి వైపులకు చూసేలా పెట్టడం తప్పనిసరి. పైకీ కిందకీ చూసేలా పెడితే కట్-ఆఫ్ పూర్తిగా పాడవుతుంది. ఫిలమెంట్ బదులు వాయువులో విద్యుత్ మెరుపుతో వెలిగే హెచ్ఐడీ బల్బుల కిట్ల పరిస్థితి ఇంకా ఘోరం. ఆ మెరుపు, అంటే ఆర్క్, ఫిలమెంట్ ఆకారంలో ఉండదు, వెలుగు హాలోజన్ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. హాలోజన్ హెడ్‌లైట్లలో వేసే హెచ్ఐడీ కిట్లేవీ తమ ప్రమాణానికి తూగలేవని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ ఎప్పుడో తేల్చి చెప్పింది.

జర్మనీ ఈ సమస్యను పరిష్కరించిన తీరు ఆసక్తికరంగా ఉంది. హాలోజన్ స్థానంలో పెట్టే ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బుకు 2020లో అక్కడ తొలిసారి అనుమతి దొరికింది. తయారీదారు ఓస్రామ్. అయితే అది బల్బుకు ఇచ్చిన గంపగుత్త అనుమతి కాదు. ఫలానా కారు, ఫలానా దీపం అని జాబితా రాసి ఇచ్చింది. ఒకే బల్బు ఒక రిఫ్లెక్టర్‌లో చక్కగా ఉండి ఇంకోదాంట్లో కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది కాబట్టి, బల్బును ఒంటరిగా పరీక్షించి లాభం లేదని వాళ్లు గుర్తించారు. "అన్ని కార్లకూ సరిపోతుంది" అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన జవాబు లేదు.

వైరు, హోల్డరు, వేడి

మస్టాంగ్ ఫాగ్ లైట్లు రెండూ కలిసి కంపెనీ బల్బులతో 90 వాట్లు తీసుకుంటాయి, సుమారు 7 ఆంపియర్లు. 9005 బల్బులతో 130 వాట్లు, 10 ఆంపియర్లకు పైనే. కరెంటు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు కదా అనిపిస్తుంది. వైర్లలో, కనెక్టర్లలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే రెట్టింపు దాటుతుంది. పదిహేనేళ్లు దాటిన కారులో కనెక్టర్ పిన్నుల మీద తుప్పు పట్టి ఉంటే ఆ వేడంతా ఒక్కచోటే చేరుతుంది. హోల్డర్ ప్లాస్టిక్ ముదురు గోధుమరంగుకు తిరిగి, పెళుసెక్కి, లాగితే విరిగిపోవడం దీని లక్షణం. ఫ్యూజు తరచూ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పరిష్కారం. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, వైరును. 100 వాట్ల బల్బులకు పోతే దీపం ముందున్న పాలికార్బొనేట్ ప్లాస్టిక్ అద్దమే మెత్తబడి ముడతలు పడొచ్చు.

ఎల్ఈడీలు తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి వైర్ల బాధ ఉండదు. కొత్త కార్లలో వాటికి వేరే తలనొప్పి ఉంది. బల్బు కాలిపోయిందో లేదో కారు కంప్యూటర్ కరెంటును బట్టి గుర్తిస్తుంది. కరెంటు తక్కువైతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది, లేదా దీపం మిణుకుమిణుకుమంటుంది. దీనికి వేసే 6 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కోటీ 30 వాట్ల వేడిని ఊరికే వదులుతుంది. ఎల్ఈడీతో పొదుపు చేసిన కరెంటు అటు పోతుంది. ఆ రెసిస్టర్‌ను ప్లాస్టిక్ బంపర్‌కు టేపుతో చుట్టి వదిలేయడం తరచూ కనిపించే పొరపాటు. ఇంకొకటి: హాలోజన్ వేడికి అద్దం మీద పేరుకునే మంచుగడ్డ కరుగుతుంది. ఎల్ఈడీ ముందు వైపు దాదాపు వేడి ఇవ్వదు. షికాగో, టొరంటో లాంటి చోట్ల హిమపాతంలో అరగంట నడిపేసరికి ఎల్ఈడీ ఫాగ్ లైట్ తెల్లగా మూసుకుపోతుంది.

చట్టం ఎక్కడ నిలబడింది

అమెరికాలో హెడ్‌లైట్లకు కేంద్ర ప్రమాణం కట్టుదిట్టంగా ఉంది. ఫాగ్ లైట్లు మాత్రం అదనపు దీపాల కిందకు వస్తాయి, వాటిని ప్రధానంగా రాష్ట్రాలే నియంత్రిస్తాయి. అందుకే ఒక రాష్ట్రంలో ఇబ్బంది లేని మార్పు ఇంకో రాష్ట్రంలో జరిమానా తేవచ్చు. ఐక్యరాజ్యసమితి నిబంధనలు పాటించే యూరప్ దేశాల్లో దీపానికి ఏ రకం బల్బుతో ఆమోదం వచ్చిందో ఆ రకమే ఉండాలి. రకం మారితే ఆమోదం పోయినట్టే.

భారత్‌లో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వ్యాఖ్యానించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం చట్టం అనుమతించని మార్పుకు యజమాని మీద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. విడిభాగాలు అమర్చడం ద్వారా చేసే మార్పు కూడా ఇందులోకే వస్తుంది. ఆచరణలో ఫాగ్ లైట్ బల్బును ఎవరూ విప్పి చూడరు, అది వేరే సంగతి. ఎదుటివాడు డిప్పర్ మీద డిప్పర్ కొడుతున్నాడంటే మాత్రం తనిఖీ అయిపోయినట్టే.

పెట్టే డబ్బుకు దక్కేది ఎంత

బల్బు కొనే ముందు కారును చదునైన చోట గోడ ముందు 7.6 మీటర్ల దూరంలో నిలిపి చూస్తే సగం విషయం తేలిపోతుంది. కట్-ఆఫ్ గీత దీపం ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. స్పోర్ట్స్ కార్లకు స్ప్రింగులు మార్చి కిందకు దించడం మామూలు. మస్టాంగ్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.72 మీటర్లు. వెనక కంటే ముందు భాగం 2 సెంటీమీటర్లు ఎక్కువ దిగితే, 60 సెంటీమీటర్ల ఎత్తున్న దీపం వెలుగు 46 మీటర్లకు బదులు 28 మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది. యజమానికి "బల్బులు డల్లుగా ఉన్నాయి" అనిపిస్తుంది. తప్పు బల్బుది కాదు, గురిది. అదే వెనక సీట్లో ఇద్దరు కూర్చుని, డిక్కీ నిండి, వెనక భాగం 2 సెంటీమీటర్లు కుంగితే కట్-ఆఫ్ వంద మీటర్ల దాకా లేస్తుంది. అప్పుడు 1,700 ల్యూమెన్ల బల్బు ఎదుటివారికి హై బీమ్‌తో సమానం. ఒక్క స్క్రూ తిప్పి సరిచేసే పని ఇది, ఖర్చు శూన్యం.

తర్వాత చూడాల్సింది అద్దం. గ్రిల్‌లో, బంపర్‌లో ఉండే దీపాలకు ఎండ, రాళ్ల దెబ్బలు రెండూ తగులుతాయి. మసకబారిన పాలికార్బొనేట్ వెలుగును తగ్గించడంతో ఆగదు, అన్ని వైపులా చెదరగొట్టి కట్-ఆఫ్‌ను కూడా పాడుచేస్తుంది. దాన్ని సాన పట్టి పాలిష్ చేస్తే చాలాసార్లు కొత్త బల్బు కంటే ఎక్కువ తేడా తెలుస్తుంది.

మూడోది వోల్టేజీ. హాలోజన్ వెలుగు వోల్టేజీకి విపరీతంగా స్పందిస్తుంది. బల్బు దగ్గరకు వచ్చేసరికి 13.2 వోల్టుల్లో అర వోల్టు వైర్లలోనే పోతే వెలుగు 12 శాతం పడిపోతుంది. బల్బు వెలుగుతుండగా హోల్డర్ దగ్గర, బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఎర్త్ పాయింట్ శుభ్రం చేయడం, అవసరమైతే రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్)తో బ్యాటరీ నుంచి నేరుగా లైను లాగడం దీనికి మందు.

ఇవన్నీ అయ్యాక కూడా తృప్తి లేకపోతే మార్చాల్సింది బల్బు కాదు, దీపం మొత్తం. యూరప్ నిబంధనల్లో ఫాగ్ లైట్లకు ఎఫ్3 అనే తరగతి ఉంది, పాత బీ తరగతి కంటే కఠినమైనది. ఆ గుర్తు అద్దం మీద ముద్రించి ఉన్న ఎల్ఈడీ ఫాగ్ లైట్‌లో చిప్‌లు, రిఫ్లెక్టర్ ఒకదానికోసం ఒకటి తయారై ఉంటాయి. అమెరికా రకాల మీద అక్కడి ఫాగ్ లైట్ ప్రమాణమైన ఎస్ఏఈ జే583 అనో, వెలుగు రకాన్ని చెప్పే ఎఫ్ అక్షరమో చూడాలి. ఖర్చు బల్బు ధరకు ఎన్నో రెట్లు. కొత్త కార్లలో అనేకం ఎల్ఈడీ దీపాన్ని ఇలా ఒకే ముక్కగా అమర్చే వస్తున్నాయి. వాటిలో తీసి మార్చడానికి బల్బే ఉండదు. కాలిపోతే దీపం మొత్తం కొనాల్సిందే.